ల్యాబ్ నోరు, షెపర్డ్ పొట్ట, మన పెరడు

కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకునే ముందు మనవాళ్ళు చాలా సంగతులు వాకబు చేస్తారు. పిల్లలతో సఖ్యంగా ఉంటుందా, దొంగ వస్తే మొరుగుతుందా, మన ఎండలకు తట్టుకుంటుందా, తిండికి నెలకు ఎంతవుతుంది. రోజూ అది పెరట్లో వేసేదాన్ని ఎవరు ఎత్తాలి, ఎన్నిసార్లు ఎత్తాలి, ఎత్తి ఎక్కడ పారెయ్యాలి అని మాత్రం ఎవరూ అడగరు. పిల్ల అరచేతుల్లో పట్టేంత ఉన్నప్పుడు ఆ ఆలోచన రాదు కూడా. ఏడాది తిరిగి 30 కిలోల జంతువు వాకిట్లో తిరుగుతుంటే, ముగ్గు ఎక్కడ వెయ్యాలో, కాలు ఎక్కడ పెట్టకూడదో ఇంటిల్లిపాదీ చూసుకుని నడవాల్సి వస్తుంది.

నెల్లూరులోనూ ఒంగోలులోనూ ప్రహరీ గోడ ఉన్న ఇళ్ళలో నాకు తరచుగా కనబడే పెద్ద జాతులు రెండు: ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్. రెండూ కుదురుగా కూర్చునే రకం కాదు. బరువులోనూ పెద్ద తేడా లేదు. మగ ల్యాబ్ 29 నుంచి 36 కిలోలు, మగ షెపర్డ్ 30 నుంచి 40 కిలోలు తూగుతాయి. అలాంటప్పుడు పెరడు శుభ్రం చేసే పని కూడా రెండింటికీ ఒకటేనని ఎవరైనా అనుకుంటారు. నిజానికి ల్యాబ్‌తో వచ్చే చిక్కు నోటి దగ్గర మొదలవుతుంది, షెపర్డ్‌తో వచ్చే చిక్కు పొట్ట దగ్గర. ఒకదానితో పెంట పెరుగుతుంది, రెండోదానితో పలచబడుతుంది. ఆ పైన ఇల్లు ఇసుక నేల మీద ఉందా, నల్లరేగడి మీద ఉందా, అది వానాకాలమా ఎండాకాలమా అన్నవి కలుస్తాయి. ఇవన్నీ కలగలిపి చూడకుండా జాతి పేరొక్కటే పట్టుకుని చెప్పే సలహాలు మన పెరట్లో పనికిరావు.

ముందు పరిమాణం. 30 కిలోల బరువుండి, రోజూ ఓ మోస్తరుగా పరిగెత్తే కుక్కకు రోజుకు సుమారు 1,400 క్యాలరీలు కావాలి. గ్రాముకు 3.5 క్యాలరీలిచ్చే మంచి రకం డాగ్ ఫుడ్ అయితే 400 గ్రాములు సరిపోతుంది. అందులోని తేమ తీసేస్తే 370 గ్రాముల దాకా మిగులుతుంది. నూటికి 85 పాళ్ళు ఒంటబట్టిందనుకుంటే బయటికి వచ్చే ఎండు పదార్థం 55 గ్రాములు. గట్టిగా ఉన్న మలంలో కూడా 70 శాతం దాకా నీరే కాబట్టి పారతో ఎత్తాల్సింది 185 గ్రాములు. ఇప్పుడు అదే కుక్కకు చౌక రకం మేత పెట్టి చూడండి. దానిలో శక్తి తక్కువ కనుక 440 గ్రాములు పెట్టాలి, ఒంటబట్టేది నూటికి 75 పాళ్ళే అనుకుందాం. బయటికొచ్చేది దాదాపు 340 గ్రాములవుతుంది. కుక్క అదే, పెరడు అదే. వారానికి 1.3 కిలోలు ఎత్తాల్సిన చోట 2.4 కిలోలు ఎత్తాల్సి వచ్చింది. సంచి మీద మిగిలిన డబ్బు పార దగ్గర ఖర్చవుతుందన్నమాట.

మన ఇళ్ళలో చాలా కుక్కలు తినేది సంచిలోని మేత కాదు, అన్నం. మెత్తగా ఉడికిన అన్నం కుక్కకు బాగానే అరుగుతుంది. తవుడు, రాగి సంకటి ఎక్కువైతే పీచు వల్ల పరిమాణం పెరుగుతుంది. చికెన్ కొట్టు నుంచి తెచ్చిన ఎముకలు ఎక్కువగా పెడితే మలం సున్నపు ముక్కల్లా తెల్లగా, గట్టిగా వస్తుంది, కుక్క ముక్కుతూ నిలబడుతుంది. ఎత్తడం తేలికే గానీ కుక్కకు అది మంచిది కాదు, ఉడికిన ఎముక చీలి పేగుకు గుచ్చుకునే ప్రమాదమూ ఉంది. ఎదిగిన కుక్కల్లో చాలావాటికి పాలు అరగవు, పెరుగు కొంత నయం. ఇక రాత్రి మిగిలిన చేపల పులుసు అన్నంలో కలిపి పెట్టే అలవాటు నెల్లూరు వాళ్ళకు ఉంది కదా. ఆ కారానికి, చింతపండుకు తెల్లారేసరికి పెరడు ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఉల్లి, వెల్లుల్లి అయితే కుక్కలకు విషమే.

ఈ లెక్కలోకి ల్యాబ్ తన నోటితో వస్తుంది. దీని పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్లాండ్ తీరంలో జాలరుల వెంట ఉన్న కుక్కలు. ఆ తరువాత ఇంగ్లండులో, వేటలో పడిన పక్షిని నోట కరిచి తెచ్చే పనికి వీటిని పెంచారు. అక్కడి కెన్నెల్ క్లబ్ 1903లో దీన్ని జాతిగా గుర్తించింది. కనబడిన ప్రతిదాన్నీ నోట్లో పెట్టుకోవడం దానికి నేర్పిన దురలవాటు కాదు, పుట్టుకతో వచ్చినదే. దానికి తోడు ఆకలి. ల్యాబ్‌లలో సుమారు నాలుగో వంతుకు పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించి ఉంటుందని కేంబ్రిడ్జి పరిశోధకులు 2016లో చూపించారు. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరవేయడంలో ఈ జన్యువుకు పాత్ర ఉంది. ఆ లోపమున్న కుక్కలు బరువెక్కువ ఉంటాయి, తిండి మీద వాటికి ధ్యాసా ఎక్కువ. ఆ చూపులకు కరిగిపోయి ఇంట్లో ప్రతివాళ్ళూ తలా ఒక ముద్ద పెడతారు. ఆ ముద్దలన్నీ మర్నాడు పెరట్లో లెక్కకు వస్తాయి.

కోవూరులో మా పెద్దమ్మగారి పెరట్లో రెండు మామిడి చెట్లున్నాయి. మే నెలలో రాలిన పండ్లకు వాళ్ళ ల్యాబే మొదటి హక్కుదారు. ఆ నెలలో దాని మలంలో మామిడి పీచు పసుపుపచ్చగా దారాలు దారాలుగా కనిపిస్తుంది. ఒకసారి పాల ప్యాకెట్టు మూల, ఇంకోసారి రబ్బరు చెప్పు పట్టీ. ఎత్తేటప్పుడు ముక్కు మూసుకున్నా కళ్ళు తెరిచి ఉంచాలని పెద్దమ్మ ఊరికే అనదు. టెంక మింగిన కుక్కకు పేగు అడ్డుపడవచ్చు. వాంతులవుతూ, ఒక రోజంతా దొడ్డికి పోకుండా ఉంటే ఆముదం పట్టించి చూద్దామని కూర్చోకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ల్యాబ్ ఉన్న ఇంట్లో పెరటి శుభ్రం అంటే మలం ఎత్తడం సగమే. రాలిన పండ్లు, కొబ్బరి పీచు, పిల్లలు పారేసిన ప్లాస్టిక్ ముక్కలు కుక్క నోటికి అందకముందే ఊడ్చెయ్యడం మిగతా సగం. ఆ సగం సరిగా జరిగితే ల్యాబ్ మలం సాధారణంగా గట్టిగా, ఒక్క పారకు ఎత్తేలా ఉంటుంది.

షెపర్డ్ కథ వేరు. 1899లో జర్మనీలో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ ఈ జాతికి సంఘం పెట్టి ఒక రూపం తెచ్చాడు. అక్కడి గొర్రెల కాపరులకు కంచెలు ఉండేవి కావు. మంద పక్క చేలో పడకుండా ఈ కుక్కే గట్టు వెంట పొద్దంతా అటూ ఇటూ తిరిగేది. ఇప్పుడు దానికి గొర్రెలు లేవు, మన ప్రహరీ గోడ ఉంది. షెపర్డ్ ఉన్న ఏ ఇంటికైనా వెళ్ళి చూడండి, గేటు నుంచి వెనక గోడ దాకా గడ్డి మొలవని సన్నని బాట పడి ఉంటుంది. దారిలో ఎక్కడ వేసినా ఆ తొక్కుడులో అది గోడ పొడుగునా పరుచుకుంటుంది. పైగా ఆ బాట సాధారణంగా పూల కుండీల వెనకో, బట్టలారేసే తీగ కిందో ఉంటుంది కనుక వెంటనే కంటబడదు.

అసలు సమస్య దాని పేగుల్లో ఉంది. పేగు జబ్బుల విషయంలో షెపర్డ్‌లకు మొదటి నుంచీ చెడ్డపేరు. కొన్ని మేతలు పడవు, కొన్ని కుక్కలకు ఊరికే విరేచనాలు పట్టుకుంటాయి. క్లోమ గ్రంథి అరుగుదల రసాలను చాలినంత చేయలేని ఒక జబ్బు ఈ జాతిలో వంశపారంపర్యంగా ఎక్కువగా కనిపిస్తుంది. అప్పుడు కుక్క ఆబగా తింటుంది, అయినా చిక్కిపోతుంది, మలం మాత్రం కుప్పలుగా, పాలిపోయి, జిడ్డుగా వస్తుంది. 'షెపర్డ్ అంటే ఇంతే' అని సర్దుకునేవాళ్ళను చూశాను. అది జాతి స్వభావం కాదు, రక్తపరీక్షతో తేలే జబ్బు. తిండిలో ఎంజైము పొడి కలిపితే చాలా కుక్కలు కోలుకుంటాయి. ఆ పొడి జీవితాంతం వాడాల్సి ఉంటుంది, అది వేరే ఖర్చు.

జబ్బు లేకపోయినా పలచన అయితే పని ఎంత మారుతుందో పాత లెక్కలోనే చూడవచ్చు. అవే 55 గ్రాముల ఎండు పదార్థం, నీరు 70 నుంచి 80 శాతానికి పెరిగితే 185 గ్రాములు కాస్తా 275 అవుతాయి. బరువు ఒకటిన్నర రెట్లే పెరిగింది గానీ, అలాంటిది పారకు రాదు, చీపురుతో ఊడిస్తే ఇంకా పాముకుంటుంది. పొడి ఇసుకో రంపపు పొట్టో పైన చల్లి, తేమ పీల్చుకునేదాకా ఆగి, కింది మట్టితో సహా చెక్కి ఎత్తాలి. అంతలో కుక్క తొడల వెనకాల పొడుగు జుట్టుకు అంటుకున్నది కడగాలి. ఒంగోలులో ఒక స్నేహితుడు తన షెపర్డ్‌కు అక్కడి వెంట్రుకలు నెలకోసారి కత్తిరిస్తాడు. అందం పోయిందని వాళ్ళ అబ్బాయి అలుగుతాడు, కడిగేది అబ్బాయి కాదు మరి. వెంట్రుకల మాట వచ్చింది కనుక ఇదీ చెప్పాలి: రెండు జాతులకూ రెండు పొరల బొచ్చే, రెండూ రాలుస్తాయి, షెపర్డ్ మరింత ధారాళంగా. ఊడ్చిన బొచ్చును కాలువలోకి తోస్తే నాలుగు రోజుల్లో జాలీ మూసుకుపోతుంది.

ఎత్తినదాన్ని ఏం చెయ్యాలన్న దగ్గర మన ప్రాంతంలో ఒక వాదన తప్పకుండా వినబడుతుంది. 'పేడ ఎరువైనప్పుడు ఇది ఎందుకు కాదు?' ఒంగోలు గిత్తలను పెంచిన ప్రకాశం జిల్లాలో, పెంటపోగు చూసి రైతు స్తోమత అంచనా కట్టిన ఊళ్ళలో ఈ ప్రశ్న సహజం. పశువు తినేది గడ్డి, దాని పేడలో ఎక్కువ భాగం అరగని పీచు. కుక్క తిండిలో మాంసకృత్తులు, కొవ్వు కూడా ఉంటాయి. దాని మలంలో ఉండే పురుగులూ సూక్ష్మజీవులూ మనిషికి అంటే రకాలు. వాటిని చంపాలంటే కుప్ప లోపల వేడి 60 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలవాలి. ఒక కుక్క వేసే కొద్దిపాటి పెంటతో ఇంటి మూల చేసిన చిన్న కుప్ప అంత వేడెక్కదు. కాబట్టి కూరగాయల మళ్ళకు, ఆకుకూరలకు, కరివేపాకు మొదట్లోకి అది పనికిరాదు. వాకిట్లో మిగిలిన మరక మీద పేడనీళ్ళతో కళ్ళాపి చల్లితే పోతుందనుకోవడం కూడా పొరపాటే. మరక కనబడకుండా పోతుంది, పురుగుల గుడ్లు మాత్రం వాకిలంతా పరుచుకుంటాయి.

ఆ గుడ్ల సంగతే ఎన్నిసార్లు ఎత్తాలన్నది నిర్ణయిస్తుంది. కుక్కల ఏలికపాముల గుడ్లు పడిన రోజునే ప్రమాదకరం కావు. మట్టిలో రెండు నుంచి నాలుగు వారాలు పక్వమైతే గానీ అంటుకునే శక్తి రాదు, వచ్చాక మాత్రం ఏళ్ళ తరబడి ఉంటాయి. మట్టిలో ఆడి చేతులు నోట్లో పెట్టుకునే పిల్లలకు వీటితోనే ముప్పు, కంటిచూపు దాకా పోవచ్చు. కొంకి పురుగుల వేగం ఎక్కువ. వెచ్చని తడి నేలలో గుడ్డు ఒకటి రెండు రోజుల్లో పగిలి, వారం పది రోజుల్లో లార్వా సిద్ధమై, ఉత్త కాళ్ళ చర్మం గుండా లోపలికి దూరుతుంది. చర్మం కింద అది పాకిన దారి ఎర్రగా వంకర గీతలాగా ఉబ్బి, దురద పెడుతుంది. దానికి అన్నిటికంటే అనువైన నేల నీడపట్టున ఉన్న తడి ఇసుక. అల్లూరు, కొత్తపట్నం వైపు తీరప్రాంతపు పెరళ్ళు సరిగ్గా అలాంటివే. ఇసుక నేల మూత్రాన్ని చప్పున పీల్చుకుని వాసన రానివ్వదు గనుక శుభ్రంగా ఉందనిపిస్తుంది. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో నీరు త్వరగా ఇంకదు, మలం మట్టితో కలిసి కాళ్ళకు అంటుకుని ఇంట్లోకి వస్తుంది, వేసవిలో నేల నెర్రెలిచ్చాక మూత్రం ఆ నెర్రెల్లోకి దిగి తొలి వానకు గుప్పున వాసన కొడుతుంది. వాసన రాని ఇసుకకే నేను ఎక్కువ భయపడతాను.

'మన ఎండకు ఏ పురుగైనా చస్తుంది' అనే మాట సగమే నిజం. నేరుగా ఎండ పడి ఎండిపోయిన చోట లార్వాలు బతకవు. కానీ మే నెల మధ్యాహ్నం కుక్క ఎండలో ఎందుకు కూర్చుంటుంది? చీమకుర్తి గ్రానైటు ముక్కలు పరిచిన పెరళ్ళలో ఆ రాయి అరికాళ్ళు కాలేంత వేడెక్కుతుంది. కుక్క వెళ్ళి చెట్టు కింద, నీళ్ళ ట్యాంకు కారే చోట, మోటారు పక్కన పని కానిస్తుంది. ఎండ తగలని, తడి ఆరని ఆ నాలుగు అడుగుల జాగాలోనే అంతా పేరుకుంటుంది. ఇక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఒక్క రాత్రి వదిలేసినా అది కరిగి పెరడంతా పాకుతుంది, లేదా కాలువలోకి పోతుంది. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరులో లోతట్టు ప్రాంతాలు మునిగినప్పుడు పెరట్లోది, కాలువలోది, ఇంట్లోది అన్న తేడా లేకుండా పోయింది. ఎలుకల మూత్రంతో, కుక్కల మూత్రంతో వ్యాపించే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బుకు అలాంటి నిలవనీళ్ళే దారి. కుక్కకు దానికి టీకా ఉంది.

కాబట్టి వేసవిలో ల్యాబ్ ఉన్న ఇంట్లో పొద్దున ఒకసారి ఎత్తితే సరిపోతుంది, కాకపోతే సాయంత్రం పెరడు ఊడ్చాలి. షెపర్డ్‌కు అదే కాలంలో రెండుసార్లు, గోడ పొడుగునా నడిచి చూసుకుంటూ. వానల్లో రెండింటికీ ఎప్పటిదప్పుడే. దీన్ని తేలిక చేసే కిటుకు ఒకటుంది. తిన్న పదిహేను ఇరవై నిమిషాలకు పేగు కదలడం కుక్కలన్నిటికీ సహజం. ఆ సమయానికి గొలుసు వేసి పెరట్లో ఒకే మూలకు తీసుకెళ్ళడం అలవాటు చేస్తే, వెతుక్కునే పని తప్పుతుంది. హద్దులు తిరిగే షెపర్డ్‌కు ఇది నేర్పడం కాస్త కష్టం, పని కాగానే చిన్న తాయిలం దొరుకుతుందంటే ల్యాబ్ రెండు రోజుల్లో నేర్చుకుంటుంది. పెరడు పాడవకుండా పొద్దున్నే వీధిలోకి తిప్పి తీసుకొచ్చేవాళ్ళు తమ పని తగ్గిందనుకుంటారు. ఆ పని పారిశుద్ధ్య కార్మికురాలి నెత్తిన పడింది, అంతే. సంచి పట్టుకుని వెళ్ళి ఎత్తి తెచ్చేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

మందుల విషయంలో మనవాళ్ళ చెయ్యి పెద్దది. ఎత్తకుండానే బ్లీచింగు పౌడరు గుప్పిస్తారు. మూత్రంలోని అమ్మోనియాతో అది కలిస్తే గొంతు పట్టేసే వాయువు పుడుతుంది, మలం ఉన్నచోట దాని క్రిమిసంహారక శక్తీ వృథా అవుతుంది. ముందు ఎత్తి, నీళ్ళతో బాగా కడిగి, ఆ తరువాతే వాడాలి, అదీ గచ్చు మీద. ఏలికపాముల గుడ్లను బ్లీచింగు చంపదు. అది పనిచేసేది పార్వో లాంటి వైరస్‌ల మీద. మట్టి నేలకు మాత్రం ఎత్తడమొక్కటే మార్గం. నల్ల ఫినాయిలు కుక్క పాదాలకు అంటి, నాకినప్పుడు కడుపులోకి పోతుంది. పొడి సున్నం పాదాలను పొక్కిస్తుంది. వీటన్నిటికంటే మూడు నెలలకోసారి నట్టల మందు వేయించడం చౌక, పెరట్లో పడే గుడ్లు ఆ మేరకు తగ్గిపోతాయి.

ఎత్తినది పాతిపెట్టాలనుకుంటే బావికి, బోరుకు దూరంగా, మూత ఉన్న గుంటలో. భూగర్భజలం పైపైనే ఉండే తీరప్రాంతపు ఊళ్ళలో వానాకాలం గుంట నిండి పైకి తేలుతుంది, అక్కడ మరుగుదొడ్డిలో వేసి నీళ్ళు పోయడం మేలు. సంచి, ఇసుక, వెంట్రుకలు మాత్రం అందులో వెయ్యకూడదు. ఇంకో మాట. ఈ పని చాలా ఇళ్ళలో అడక్కుండానే పనిమనిషి వాటాకు వెళ్తుంది. అంట్లకూ ఊడ్పుకూ మాట్లాడుకున్న జీతంలో కుక్క పెంట లేదు. చేయించుకోవాలంటే దానికి వేరే డబ్బివ్వాలి, చేతి తొడుగులు, పొడుగు కర్ర ఉన్న పార ఇవ్వాలి. లేదా ముద్దుగా పేరు పెట్టుకున్నవాళ్ళే ఎత్తాలి.

రెండు జాతులూ ఒకే ఇంట్లో ఉంటే పరిస్థితి ఇంకా చిక్కుగా ఉంటుంది. క్లోమ జబ్బున్న షెపర్డ్ మలంలో అరగని కొవ్వు, మాంసకృత్తులు చాలా మిగిలిపోతాయి. ల్యాబ్‌కు అది రెండో భోజనం. మనం పార తెచ్చేలోపు నేల ఖాళీ అవుతుంది, షెపర్డ్‌కు జబ్బుందన్న సంగతి నెలల తరబడి ఎవరికీ తెలియదు. ఆ షెపర్డ్ పొట్టలోని సూక్ష్మజీవులు ల్యాబ్‌కూ రావచ్చు. అందుకే రెండింటినీ వేర్వేరు వేళల్లో పెరట్లోకి వదలాలి. పలచటిది ఎవరిదో తేలకపోతే ఒకదాని అన్నంలో రెండు చెంచాల తురిమిన క్యారెట్ కలపండి, మర్నాడు ఎర్రటి తునకలు అలాగే కనిపిస్తాయి. తేలాక, దాని తాజా మలం నిమ్మకాయంత తీసి, మూత గట్టిగా పట్టే డబ్బాలో వేసి, అదే పూట పశువుల డాక్టరుకు చూపించాలి. ఎండలో స్కూటరు డిక్కీలో మధ్యాహ్నం దాకా తిప్పిన నమూనా పరీక్షకు పనికిరాదు.